సాంబారన్నం గుంట

తెలివిని కూడా ఎరువు తెచ్చుకోవచ్చనుకున్నాను. ఫోన్లో ఒక వీడియో చూసి, మిగిలిన అన్నంతో ఎరువు చేయడం నాకు వచ్చేసిందని నమ్మాను. ఆ వీడియోలో ఆవు లేదు. మా ఇంట్లో ఉంది.

అప్పటికి మా పొలం చాలావరకు తిరుమణి సోలార్ పార్కు పలకల కిందికి పోయింది. సూర్యుడికి కౌలుకిచ్చినవాణ్ణని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇంటి వెనక ముక్క చేను మిగిలింది. మేపడానికి చోటు లేక పశువులన్నీ అమ్మేసి, ఒక్క ఆవును ఉంచుకున్నాం. దాని పేడ చేనుకు చాలలేదు. అందుకని సోలార్ కూలీలకు వండే మెస్సు నుంచి ఎంగిలి అన్నం, కూరగాయల తొక్కలు డ్రమ్ముల్లో తెచ్చి గుంటలో పోసి, పైన ఎండాకు, పేడ, మన్ను కప్పేవాణ్ణి. ప్లాస్టిక్ కవర్లు కలపొద్దని మెస్సు యజమానిని అడిగాను. సరేనన్నాడు. ఆ సరేను నమ్మి నేను డ్రమ్ములోకి చూడలేదు, గుంటకు కంచె కూడా కట్టలేదు.

ఒక సాయంత్రం ఆవు పలుపు తెంపుకొని గుంట మీద పడింది. తెల్లారేసరికి పొట్ట బిగుసుకుపోయింది. పావగడ నుంచి పశువుల డాక్టరు వచ్చేలోపే పోయింది. కోసి చూపించాడు: పులిసిన అన్నం ముద్దలు, వాటిలో తాడులా పేనుకున్న సాంబారు కవర్లు.

మా ఆవిడ తెగిన పలుపు చేతిలో పట్టుకొని కూర్చుంది. "చేనుకు పెట్టబోయి దాని నోట్లో పెడితివి" అంది, అంతే.

మెస్సుకు వెళ్లి చెప్పాను. యజమాని గరిటె కూడా కింద పెట్టలేదు. "ఆవును కట్టేసుకునేది నీ పనప్పా. రేపు డ్రమ్ములు ఎత్తుకుంటావా, ఇంకొకరికి చెప్పల్లా?"

ఎత్తుకున్నాను. చేను ఇంకా ఆకలిగానే ఉంది మరి. రోజూ ఇద్దరం ముక్కు మూసుకొని కవర్లు ఏరేవాళ్లం. పేడకు మంగళవాడలోని బంధువుల దగ్గర చెయ్యి చాచాను. ఏరిన కవర్లను మా ఆవిడ పారేయనివ్వలేదు. కడిగి, ఆరబెట్టి, మూటకట్టేది. ఎందుకని నేనూ అడగలేదు.

ఎండాకాలానికి ఎరువు నల్లగా, పొడిపొడిగా తయారైంది. అప్పుడే యజమాని కబురు పెట్టాడు. బెంగళూరు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారట, మెస్సు ముందు పూలకుండీలు పెడుతున్నాడట, ఒక మూట ఎరువు కావాలట. మూట కుట్టి పంపాను.

పెద్దవాళ్ల ముందే విప్పినట్టున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు. "ఏందప్పా ఇది, అన్నీ కవర్లే ఉండాయి?"

"నీ సరుకే సామీ," అన్నాను. "మేము కడిగి పంపినాము, అంతే."