చిటికెన వేలి సాక్ష్యం

ఆ ఆదివారం పటమటలోని మా చర్చిలో లేచి నిలబడి అబద్ధపు సాక్ష్యం చెప్పాను. "దేవుడు నా చేతికి ప్రాణం పోశాడు" అన్నాను. చప్పట్లు కొట్టారు. నా భార్య కళ్లు తుడుచుకుంది.

అంతకు ఐదు నెలల ముందు, వన్ టౌన్‌లో నేను పనిచేసే ఫొటో ఫ్రేముల షాపులో అద్దం జారి కుడి మణికట్టు తెగింది. నరం కుట్టారు. అది మళ్లీ పని చేస్తోందో లేదో తెలియడానికి చిటికెన వేలి కింది కండలో బియ్యపు గింజంత పరికరం పెట్టారు. కొత్త పద్ధతి, ఇంకా పరీక్షల్లోనే ఉందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. నెలకోసారి మోచేతి దగ్గర కరెంటు ఇచ్చేవారు. కండ స్పందిస్తే తెర మీద గీత లేవాలి. లేవలేదు. లేవకపోతే రెండో ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. ఆలస్యమైతే కండ ఎండిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా వేళ్లు కదలవన్నారు.

మళ్లీ ఆ బల్ల మీద పడుకోవాలంటే నాకు ప్రాణాలు పోయేవి. ఇంట్లో చొక్కా గుండీలు కూడా మా ఆవిడే పెట్టాలి. అన్నం కలిపి పెడుతూ, "పెళ్లయిన కొత్తలో కూడా ఇంత గారాబం చెయ్యలేదండీ మీకు" అనేది. నవ్వేవాణ్ణి. ఊపిరాడేది కాదు.

ఐదో పరీక్షలో కరెంటు తగలగానే మణికట్టు బిగించాను. పక్క కండల కదలికకి గీత కదిలింది. "కాస్త ఆశ ఉంది, ఆపరేషన్ ఆపి చూద్దాం" అన్నారు డాక్టరుగారు. నా భార్య ఆ మాట చర్చి అంతా చెప్పింది. సాక్ష్యం చెప్పక తప్పలేదు.

ఆ మధ్యాహ్నం కంచం నా ముందు పెట్టి, "దేవుడిచ్చిన చెయ్యేగా, మీరే తినండి" అంది. ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"చేతికి ప్రాణం రాలేదు" అన్నాను. "మిషన్ని మోసం చేశాను."

ఆవిడ కంచం పక్కకి జరిపింది. "మిషను సంగతి సరే. నేనేం పాపం చేశానండీ, నన్నెందుకు ఏడిపించారు అందరి ముందూ?"

సోమవారం పొద్దున్నే డాక్టరుగారికి అంతా చెప్పాను. "పోయేది మీ చెయ్యి, నాది కాదు" అన్నారు, విసుగ్గా. మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి మణికట్టు వదులుగా ఉంచాను. గీత కదల్లేదు. ఆపరేషన్‌కి ఒప్పుకుని సంతకం పెట్టాను, ఎడం చేత్తో.

ఆసుపత్రిలో చేరే ముందు ఆదివారం చర్చిలో లేచి, నా చేతికి ఇంకా ప్రాణం రాలేదనీ, నేను చెప్పింది అబద్ధమనీ, నా భార్యకి ఆ సంగతి తెలియదనీ చెప్పాను. ఆవిడ పక్కకి వెళ్లాను. జరిగి చోటిచ్చింది.