అడ్డు రాని చేతులు

తియొడూలో వియత్నాం నుంచి తన సొంతూరు సాన్ ఎలియాస్‌కు తిరిగొచ్చేసరికి ఊరి కూడలిలో ఫ్లెక్సీ వెలిసింది. "మన గర్వకారణం" అనే అక్షరాల కింద మేయర్ ఫిడెన్సియో మొహం తలుపంత ఉంది. తియొడూలో మొహం అడుగున ఓ మూల, తపాలాబిళ్ళంత. ఎదురుగా ఉన్న ఆటస్థలం కప్పు నాలుగు చినుకులకే కారుతుంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

"ఇదిగోనే, నీ మొగుడు!" అంది చేపలమ్మే నెనీటా, వేలుపెట్టి వెతికి.

"ఆ పుట్టుమచ్చేనా? ఫోన్లో ఇంతకంటే పెద్దగానే కనబడేవాడక్కా" అంది హెర్మీనియా.

పదకొండేళ్ళ క్రితం అతను ఈ ఊరి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. సాధనకు రాని మేయర్ కొడుకుని ఫైనల్లో బెంచీ మీద కూర్చోబెట్టాడు. జట్టు గెలిచింది, ఉద్యోగం ఊడింది. వియత్నాంలోని డానాంగ్‌లో ఒక కాలేజీ పిలిస్తే వెళ్ళాడు. అక్కడి భాషలో నేర్చుకున్న ఇరవై మాటల్లో పద్దెనిమిది తిట్లే. ఆ కాలేజీ పెద్ద మేనల్లుడినీ బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఆయన "ఎన్ని రోజులు?" అని మాత్రం అడిగాడట. నిరుడు ఆ జట్టు దేశమంతటి కాలేజీల మీద కప్పు గెలిచింది.

హెర్మీనియా ఇక్కడే బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. పదకొండేళ్ళూ ఫోనుని గ్లాసుకు ఆనించి దానితో కలిసి అన్నం తింది.

కప్పు సంగతి పేపర్లో పడగానే మేయర్‌కి తియొడూలో మీద ప్రేమ పొంగింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పాత ఉద్యోగం మళ్ళీ నీదే అన్నాడు. కాకపోతే ముందు ఓ సరదా ఆట ఉంటుంది. మేయర్ జట్టుకు తియొడూలో కోచ్, ఎదుటి జట్టు కాలేజీ పిల్లలు. ఆట అయ్యాక అందరి ముందూ సంతకం.

"ఒక్క గంట ఓర్చుకో. గంగిరెద్దులా తలూపు. రేపట్నుంచి ఇద్దరం ఒకే బల్ల దగ్గర తింటాం" అంది హెర్మీనియా, ఎండుచేప వేయిస్తూ.

"ఆ మేయర్ బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తితే?"

"కొత్త రకం డాన్సు అనుకో!"

మేయర్ తన పొట్టను ముందు పంపి వెనక తను మైదానంలోకి వచ్చాడు. ఒకరి మీద ఒకరు పులుల్లా పడుతున్న పిల్లలు, బంతి ఆయన చేతికి రాగానే చేతులు దించి పక్కకు తప్పుకున్నారు. ఎంత చక్కటి సాధన! నాలుగోసారికి బంతి బుట్టలో పడింది. ఊరు ఊరంతా ఈలలు వేసింది. హెర్మీనియా కూడా పగలబడి నవ్వింది.

అంతలో ఓ పొట్టి కుర్రాడు ఆయన చేతిలోంచి బంతిని తన్నుకుపోయాడు. చెయ్యి కూడా తగల్లేదు. రిఫరీ ఫౌల్ అని ఈల ఊదాడు. కుర్రాడు దిక్కుతోచక కప్పు గెలిచిన కోచ్ వైపు చూశాడు. హెర్మీనియా కూడా చూసింది.

తియొడూలో లేచి మేయర్‌కి చప్పట్లు కొట్టాడు. "చేతులు దించు బాబూ" అన్నాడు కుర్రాడితో, మెత్తగా.

హెర్మీనియాకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది. ఆ చప్పట్లు నేర్పింది తనే.

ఆట ముగిసింది. మేయర్ గెలిచాడని వేరే చెప్పాలా? ఆయన కాగితం చాచాడు. తియొడూలో కలం మూత తీశాడు.

"ఆగు" అంటూ హెర్మీనియా మైదానం మధ్యకు వచ్చింది.

"ఏమైందే? నువ్వు చెప్పినట్టే చేశాగా?"

"చేశావు. చెప్పినందుకు నన్ను తిట్టు. కానీ నేను పదకొండేళ్ళు కాచుకుంది ఈ మనిషి కోసం కాదు. డానాంగ్‌కి టికెట్ కొనుక్కో."

మేయర్ నవ్వాడు. "టీచరమ్మా, మొగుడూపెళ్ళాల గొడవ ఇంట్లో చూసుకోండి."

"ఇంట్లో గొడవేనండీ. మధ్యలో దూరింది మీరే."

తియొడూలో కలానికి మూత పెట్టి మేయర్ జేబులో గుచ్చాడు.

ఇంటికెళ్ళి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె ఏడుస్తూనే వడ్డించింది. విమానానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులకూ ఆమె బడికి సెలవు పెట్టింది.