టిక్కుమనని చాకు: ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా ఒక శనివారం

ఈ ప్రయాణం మొత్తం కలిపినా పాతిక ముప్ఫై కిలోమీటర్లు దాటదు. దమ్మాయిగూడలో బయల్దేరి, ఉప్పల్ వెళ్ళి, మల్లాపూర్ చూసుకుని నాచారంలో తేలాను, అంతే. కొండలూ జలపాతాలూ ఆశించేవాళ్ళు ఈ పేజీ ఇక్కడే మూసేయవచ్చు. రోజూ జేబులోనో చేతిసంచిలోనో పెట్టుకు తిరగడానికి మంచి మడత చాకు ఒకటి కొనాలనుకునేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. ముందే చెబుతున్నాను, ఆ పొద్దున నేను ఇల్లు కదిలింది చాకు కొనడానికి కాదు. ఉప్పల్లో ఒక కొట్టువాడి దుమ్ము దులపడానికి.

నేను నాచారంలో ఒక స్విచ్చుల కంపెనీ గోదాములో స్టోర్ కీపర్ని. మా ప్యాకింగ్ వాళ్ళు అట్టపెట్టెలు కోయడానికి, ప్లాస్టిక్ పట్టీలు తెంపడానికి ఇనుము కోసే హాక్సా రంపాల విరిగిన బ్లేడు ముక్కలకు గుడ్డ చుట్టి వాడేవారు. అది చూడలేక దసరాకు ముందు నేనే పోరి ఆరు మడత చాకులు కొనిపించాను. కొట్టు ఎంచుకున్నది నేనే, చాకు ఎంచుకున్నదీ నేనే. ఆయుధపూజలో వాటిని పెట్టి, తర్వాత బీరువాలో దాచి, పదకొండో రోజున తీసి పంచాను. పంచిన పావుగంటకే యాదమ్మ చేతిలో చాకు తెరిచింది తెరిచినట్టే వేళ్ళ మీదికి మడుచుకుపోయింది. కుడిచేతి వేళ్ళు రెండు తెగాయి, ఏడు కుట్లు పడ్డాయి. మిగతా అయిదూ ఎవరూ వాడకముందే వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టేశాను. యాదమ్మ తొమ్మిదేళ్ళుగా మా దగ్గర ప్యాకింగ్ చేస్తోంది, కాంట్రాక్టు మనిషి. మా సూపర్‌వైజర్ ప్రమాదాల రిజిస్టర్లో "కార్మికురాలి నిర్లక్ష్యం" అని రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నాడు. సోమవారం ఆ పేజీ కాంట్రాక్టరుకు వెళ్తుంది. అది అలాగే వెళ్తే యాదమ్మను ఇక పనికి రావద్దంటారు. నాకు మిగిలింది శనివారం ఒక్కటే. చాకే చెడ్డదని తేల్చి ఆ రెండు ముక్కలూ కొట్టేయించాలి. శుక్రవారం రాత్రి అన్నం కూడా సయించలేదు నాకు, కోపంతో.

ఎనిమిదిన్నరకు దమ్మాయిగూడలో షేర్ ఆటో ఎక్కితే ఈసీఐఎల్ చౌరస్తాకి ఏడు రూపాయలు తీసుకున్నాడు. అక్కడి నుంచి ఉప్పల్ బస్సులు హెచ్‌బీ కాలనీ, మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ మీదుగా పోతాయి. తొమ్మిది దాటితే నిలబడ్డానికి కూడా చోటుండదు కాబట్టి ఆ లోపే ఎక్కండి. నేను నాచారంలో దిగి ముందు యాదమ్మ ఇంటికి వెళ్ళాను. నల్లా వచ్చే వేళ. కట్టు కట్టిన కుడిచెయ్యి ఎత్తి పట్టుకుని ఎడం చేత్తో బిందె ఈడుస్తోంది. నేను పట్టుకోబోతే వద్దంది.

"అసలు ఎలా జరిగింది యాదమ్మా, మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నాను.

"చెప్పిన గద మేడం. తెర్సిన, పట్టీ కిందికెళ్ళి వెట్టి గుంజిన, గది నా మీదికే మలిగింది. తెర్సినప్పుడు టిక్కని సప్పుడైతే రాలే. కొత్తది గద, గట్లనే ఉంటదేమో అనుకున్న."

"ఈ మాట సూపర్‌వైజర్‌తో చెప్పావా?"

"ఆయన యాడ ఇన్నడు మేడం. అది ఇడ్శిపెట్టున్రి. సోమారం పనికి రమ్మంటరా, వద్దంటరా? గదొక్కటి చెప్పున్రి."

ఆమె చాకునూ, బీరువాలో ఉన్న వాటిలోంచి తెచ్చిన ఇంకో చాకునూ సంచిలో వేసుకుని మళ్ళీ బస్సెక్కాను. హబ్సిగూడ దాటాక మెట్రో స్తంభాల కోసం రోడ్డు నడుమ తవ్విపోశారు. రెండు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ కొట్టువాణ్ణి ఏమని తిట్టాలో కూడబలుక్కుంటూ కూర్చున్నాను. రింగురోడ్డు దగ్గర దిగేసరికి పదకొండు. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

కొట్టులో నలుగురు గిరాకీలున్నారు. ఉండనీ, వాళ్ళూ వినాలనే యాదమ్మ చాకు తీసి కౌంటరు మీద పెట్టాను.

"అయ్యో, రక్తం అంటింది! గల్లా మీద వెట్టకున్రి మేడం, తీయున్రి," అన్నాడు కొట్టాయన ముందుగా.

"మనిషి వేళ్ళు తెగితే మీకు గల్లాపెట్టె గుర్తొచ్చిందా? దీని మీద జర్మనీ అని అచ్చు వేసి అమ్మడానికి సిగ్గులేదా?"

"జర మెల్లగ మాట్లాడున్రి. మీరు దీస్కపోయిన ధరకు జర్మనీ చాకు వస్తదా? గది మీకు మాత్రం తెల్వదా? అందరు గట్లనే రాస్తరు." అతను అరలోంచి కొత్తది ఒకటి తీసి నా ముఖం ముందు తెరిచాడు. టిక్కుమంది. "ఇన్నరా? మా దగ్గరికెళ్ళి పోయేటప్పుడు అన్నీ మంచిగనే పోతయి. మీరేం జేసిన్రో నాకేం ఎరుక?"

నాకు ఒళ్ళు మండింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనని, వీడి దగ్గర మేకు కూడా కొనొద్దని ఆ నలుగురికీ చెప్పాను. ఇద్దరు నిజంగానే వెళ్ళిపోయారు. ఆ క్షణాన నాకు ఎంత తృప్తి కలిగిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

బయటికొచ్చి ఆటో ఎక్కి, ఆగకుండా ఇదే ఏకరువు పెడుతుంటే డ్రైవరు అద్దంలో చూశాడు. "అక్కా, లొల్లి జేస్తే ఏమొస్తది? చాకు మంచిదా కాదా అని ఎరుకున్నోడు చెప్పాలె గని. మల్లాపూర్ల సత్తయ్య కాకా ఉన్నడు. ముప్పై ఏండ్లాయె సాన వట్టబట్టి, చాకులు కూడ జేస్తడు. ఎనభై ఇయ్యి, దింపుత," అన్నాడు. సరే అన్నాను. నిపుణుడి మాట రిజిస్టరు దగ్గర ఇంకా బాగా పనికొస్తుందని నా ఆశ.

ఫ్యాక్టరీల వెనక సందులో ఒక రేకుల షెడ్డు, లోపల రెండు గ్రైండర్లు. సత్తయ్యగారికి అరవై దాటి ఉంటాయి. డబ్బాలో అన్నం తింటూ నా కథంతా విన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. "కోపం పక్కకు వెట్టు బిడ్డా. ముందుగాల చాకు ఇటియ్యి," అన్నాడు.

నేను రెండూ ఇచ్చాను. ఆయన వెంటనే చూడలేదు. ముందు తాను చేసిన చాకొకటి తీసి, చాకు ఎలా చూడాలో నాకు చూపించాడు. ఆ పావుగంటలో నేర్చుకున్నది మీకోసం రాస్తున్నాను. చాకు తెరిచి బ్లేడును మొద్దు వైపు పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదలకూడదు. పిడి మన నాలుగు వేళ్ళకూ సరిపోవాలి, చిటికెన వేలు గాలిలో ఉంటే పట్టు చాలదు. పిడి లోపల ఒక సన్నని రేకు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే అది టిక్కుమని పక్కకు జరిగి, మడుచుకోకుండా బ్లేడు తోకకు అడ్డం నిలబడుతుంది. ఆ రేకు అంచుల్లో కాదు, తోక మధ్యకు రావాలి. చివరగా, వేళ్ళు మడత దారిలో లేకుండా పట్టుకుని బ్లేడు మొద్దు వైపును కట్టె మీద నాలుగుసార్లు తట్టాలి. "గప్పుడు మడుసుకుంటే గక్కడనే పారేసి రావాలె. మెరుపు జూసి కొంటే గింతే," అన్నాడు. ఆయన చాకులకు బ్లేడు కరెంటుతో నడిచే పాత హాక్సా రంపాలవి. పదును చాలా రోజులుంటుంది కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. తుడుచుకునే ఓపిక లేనివాళ్ళు మామూలు స్టీలుదే కొనుక్కోవడం మంచిదట.

తర్వాత నేను తెచ్చిన రెండో చాకు, ఎవరూ వాడనిది, తెరిచాడు. టిక్కుమనలేదు. కట్టె మీద ఒక్కసారి తట్టాడు. మడుచుకుపోయింది.

"చూశారా! నేను చెప్పలేదూ!" అని లేచి నిలబడ్డాను.

ఆయన చాకు పట్టుకుని వెలుతురులోకి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని లోపలికి చూశాడు. దబ్బనం తెచ్చి రేకు పక్కన గీకాడు. కింద పరిచిన పేపరు మీద గట్టిపడిన పెచ్చులు రాలాయి, పచ్చగా, మధ్యమధ్య ఎర్రగా. రెండు చుక్కల నూనె వేసి నాలుగుసార్లు మడిచి తెరిచాడు. టిక్. కట్టె మీద గట్టిగా కొట్టాడు. కదలలేదు. యాదమ్మ చాకునూ అలాగే గీకాడు, అదీ టిక్కుమంది.

"చాకు గొప్పదేం గాదు బిడ్డా, గని తప్పు దీనిది గాదు. గీ పసుపు లోపట వోయి ఎండింది. రేకును కదలనిస్తలేదు. ఎవలు వెట్టిన్రు గింత పసుపు?"

పెట్టింది నేను. ఆయుధపూజ రోజు ఆరు చాకులూ తెరిచి వరుసగా పేర్చి, కొత్తవి కదా అని కాస్త ఎక్కువ భక్తితో, బ్లేడు మొదట్లో పసుపు ముద్దలు అద్ది కుంకుమబొట్లు పెట్టాను. మడిచినప్పుడు ఆ ముద్దలు లోపలికి పోయాయి. పంచిన రోజు చూశాను కూడా. పసుపు నా కంటికి మురికిలా కనిపించలేదు. ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు హారతి అయ్యాక యాదమ్మ గుడ్డ పట్టుకుని వచ్చి, "తుడిసి పెడ్దునా మేడం?" అని అడిగింది. "పూజ పసుపు తుడుస్తారా ఎవరైనా? నీకేం తెలుసు?" అని అందరి ముందూ కసిరాను.

పొద్దుటి నుంచి నేను ఊరి మీద పడి వెతుకుతున్న, తప్పు చేసిన మనిషి నా చెప్పుల్లోనే నిలబడి ఉంది. ఎంత కోపం వచ్చిందంటే, నన్ను నేను ఆ కొట్టు ముందు నిలబెట్టి నలుగురిలో తిట్టాలనిపించింది. సత్తయ్యగారి చాకొకటి మూడువందల యాభైకి తీసుకుని, మూడున్నరకు బస్సెక్కి నాచారం గోదాముకు వెళ్ళాను.

సూపర్‌వైజర్ రిజిస్టరు ముందు పెట్టాడు. నేను సంగతంతా చెప్పి కలం తీస్తే అతను కంగారుపడ్డాడు. "ఏం మేడం, దిమాగ్ ఖరాబైందా? పసుపు వెట్టిన అని రిజిస్టర్ల రాస్తరా ఎవలన్న? మెమో ఇస్తరు మీకు. చాకుదే తప్పని రాయున్రి, నేను సంతకం వెడ్త. ఆమె పని ఆమెకుంటది, మీ ఇజ్జత్ మీకుంటది."

పొద్దున నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఒక్క నిమిషం ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ చాకుదే తప్పని రాస్తే ఆరు చాకులూ చెత్తలోకి పోతాయి, ప్యాకింగ్ వాళ్ళ చేతుల్లోకి మళ్ళీ హాక్సా ముక్కలొస్తాయి, వచ్చే దసరాకు నాలాంటిదే ఇంకొకతె ఇంత ముద్ద పెడుతుంది. "కార్మికురాలి నిర్లక్ష్యం" మీద గీత కొట్టి ఇలా రాశాను: "లోపల పసుపు ఎండిపోయి చాకులోని తాళపు రేకు పడలేదు. తుడుస్తానన్న కార్మికురాలిని వారించి, పరీక్షించకుండా చాకు ఇచ్చింది నేను." కింద సంతకం చేశాను. ఇది రాస్తున్న రోజుకు మెమో వచ్చింది, జవాబూ ఇచ్చాను. కుట్లు మానేదాకా యాదమ్మను స్టిక్కర్లు అంటించే పనిలో పెట్టారు. ఉప్పల్ కొట్టాయన దగ్గరికి కూడా వెళ్ళి, గిరాకీల ముందే, అరిచినందుకు తప్పయిందని చెప్పాను. జర్మనీ అచ్చు గురించి అన్నదానికి మాత్రం చెప్పలేదు. ఆ కోపం ఇంకా అలాగే ఉంది.

ఆ శనివారం సాయంత్రం గోదాము నుంచి తిరిగి వెళ్తూ యాదమ్మ ఇంటి దగ్గర ఆగి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కట్టు వైపు చూసుకుని, "ఆ దినమే తుడుస్తనంటి గద మేడం," అంది. "అన్నావు," అన్నాను. కోపం ఎవరి మీద చూపాలో తెలిసిన మనిషినని ఇన్నాళ్ళూ నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు సత్తయ్యగారి చాకు రోజూ నా సంచిలో ఉంటోంది. తెరిచిన ప్రతిసారీ ఆ చప్పుడు వినేదాకా ఆగుతున్నాను.

చాకు కొనేవాళ్ళకు ఒక్క సలహా. ఎంత మంచిదైనా, తెరిచాక టిక్కుమనకపోతే దాంతో దారప్పోగు కూడా తెంపకండి. ఆయుధపూజకు బొట్టు పిడి మీదే పెట్టండి, మడత దగ్గర వద్దు. పూజయ్యాక ఎవరైనా గుడ్డ పట్టుకుని వచ్చి పక్కన నిలబడితే, వాళ్ళను తుడవనివ్వండి.