పచ్చ గీత దాకా ఢోకా లేదు

మా అత్తగారిని నేను చెరుకు గెడలతో కారు సీటుకి కుట్టేయబోయిన వైనం చెబుతాను. నవ్వితే నవ్వండి, నేనేమీ అనుకోను.

పెళ్లయిన కొత్తలో కారు కొన్నాను. రివర్సు గేరు వేస్తే చాలు, ముందున్న తెర మీద వెనక రోడ్డూ, దాని మీద రంగు గీతలూ ప్రత్యక్షమయ్యేవి. ఎరుపు గీతంటే ప్రమాదం, పసుపంటే జాగ్రత్త, పచ్చంటే ఢోకా లేదు. చోడవరం బళ్లో లెక్కలు చెప్పేవాణ్ని కదా, గీసిన గీత నాకు వేదం. మెడ తిప్పి వెనక్కి చూడ్డం మానేశాను. అలా చూసేవాళ్ల మీద జాలి కూడా పడేవాణ్ని.

ఒక ఆదివారం రోలుగుంట నుంచి అత్తగారిని మొదటిసారి కారులో తీసుకొస్తున్నాను. కొత్తల్లుడి పనితనం చూపించాలని నా తాపత్రయం. ముందు సీట్లో నా భార్య పద్మ, వెనక సీటు నడుమ ఉత్సవ విగ్రహంలా అత్తగారు. చోడవరంలో స్వీటు కొట్టు దగ్గర ఆపమంది పద్మ. చెరుకు ఆడే రోజులు, రోడ్డు పక్కంతా లోడు ట్రాక్టర్లే. మాకు ఎదురుముఖంగా ఆగున్న ఒక ట్రాక్టరు తొట్టి వెనక కాస్త ఖాళీ కనబడితే, దాన్ని దాటి వెళ్లి రివర్సులో దూరబోయాను.

"ఒకసారి దిగి సూడండి, ఎనకాల సెరుకుంది," అంది పద్మ.

దానికీ మనకీ మధ్య ఇంకా పచ్చ గీతుందని తెర చూపించాను. అబద్ధం కాదు, తొట్టి చక్రాలు గీతకి అవతలే ఉన్నాయి. తెర పైఅంచున ఏవో పుల్లలు వేలాడుతున్నాయి గానీ, కెమెరాకి సాలెగూడు పట్టిందనుకున్నాను.

వెనక నుంచి అత్తగారు, "బాబూ, ఆగు," అన్నారు.

"కెమెరా చూసుకుంటుందత్తయ్యా, మీరు నిమ్మళంగా కూర్చోండి," అన్నాను.

ఫట్‌మంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టంటారు గానీ, నా విషయంలో చేనే వచ్చి కారులో పడింది. ఆ గీతలు నేల మీది దూరమే కొలుస్తాయట. తొట్టిలోంచి బారెడు పొడుచుకొచ్చి గాల్లో నిలబడ్డ చెరుకు వాటి లెక్కలోకి రాదట. తర్వాత తెలిసిందిలెండి.

వెనక్కి తిరిగి చూశాను. అద్దం మొత్తం రాలిపోయింది. అత్తగారికి ఈ చెవి పక్కనొక గెడ, ఆ చెవి పక్కనొక గెడ, కొప్పు నిండా గాజు పలుకులు. ట్రాక్టరు డ్రైవరు పరుగున వచ్చి, తన చెరుకేమైనా విరిగిందా అని అడిగాడు. పద్మ నా మొహం చూడలేదు.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ తాపీగా చీర దులుపుకున్నారు. "నాకేటవుద్ది బాబూ. నీ టీవీలో గీత ఎలాగున్నా, దేవుడు నా నుదుటి మీద గీసిన గీత గట్టిది."

ఆ పగిలిన అద్దం సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను. తెర మీది గీతలు పచ్చగా కాదు, పసిడిలా మెరిసినా సరే, దిగి, వెనక్కి నడిచి, అక్కడి గాలిని కూడా చేత్తో తడిమి చూడందే రివర్సు గేరు ముట్టనని.

పద్మ దానికి ఒక్క సవరణ చేసింది. వాళ్లమ్మ కారులో ఉంటే తడిమి చూశాక కూడా ముట్టకూడదట.