తప్పంతా సెల్లుదే

శౌరయ్య గారి లెక్క ప్రకారం లోకంలో ఏ యంత్రం చెడినా కారణం ఒక్కటే: సెల్లు. సెల్‌ఫోను కాదు. కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళలా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, అదీ!

తిరువూరు బస్టాండు దగ్గర ఆయనకి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఒకసారి రూత్ టీచరు గారు ల్యాప్‌టాప్ తెచ్చారు. తిరగేస్తే అందులోంచి టీ కారింది.

"మా ఆయన చేసిన ఘనకార్యమండీ!" అన్నారావిడ. పక్కనే ఆ ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"టీ ఏం చేస్తుందమ్మా? సెల్లు వీకు!" అన్నారు శౌరయ్య గారు.

మరోసారి జోజప్ప ఆగిపోయిన స్కూటరు తోసుకుంటూ పోతుంటే కొట్లోంచే కేకేశారు. "సెల్లేమో చూడవోయ్!"

"స్కూటర్లో ఆ సెల్లుండదు బాబాయ్!"

"అదీ సంగతి! లేకే ఆగింది!"

నేను జగన్నాథరావు గారి విత్తనాల షాపులో గుమాస్తాని. మొన్న జూన్‌లో తొలకరి పడగానే వినగడప రైతులు పొద్దున్నే పత్తి విత్తనాలకొచ్చి వరండా నిండా నిలబడ్డారు. మా కంప్యూటరు మాత్రం నల్లటి తెర మీద డిస్కే లేదని రాసి కూర్చుంది. విస్సన్నపేట మెకానిక్కుకి ఫోన్ చేస్తే, "డిస్కు పోయుంటది, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడు. అంటే స్టాకు వివరాలు, పాత బిల్లులు, అన్నీ గోవిందా!

"దీన్నెవరు కెలికారో తేలాలి! వాళ్ళిక రేపట్నించి రానక్కర్లేదు!" అని అరిచి, జగన్నాథరావు గారు రైతులకి సర్దిచెప్పడానికి వరండాలోకి వెళ్ళారు.

బిల్లులు కొట్టే సౌజన్య ముఖం పాలిపోయింది. ఆ అమ్మాయి కొత్తగా చేరింది. నేను ఫోన్ చేస్తే శౌరయ్య గారు వచ్చారు. ఆ అమ్మాయి ఆయన దగ్గరికెళ్ళి గొణిగింది.

"అంకుల్, నేనే. స్పీడవుతుందని ఫోన్లో వీడియో చూసి కంప్యూటరు సెట్టింగుల్లో లెగసీ అని ఏదో మార్చాను."

"భయపడకు తల్లీ, ఇలా కూర్చో. ఈ డిస్కుని కొత్త పద్ధతిలో భాగాలు చేశారు. నువ్వేమో మిషన్ని పాత పద్ధతిలో వెతకమన్నావు. ఇంక డిస్కు ఎదురుగా ఉన్నా దానికి కనపడట్లా. అంతే! యూఈఎఫ్ఐ అనుంది చూడు, అదే కొత్త పద్ధతి, దానికి మార్చు. నేను కాదు, నువ్వే మార్చు."

సౌజన్య మార్చింది. తెర వెలిగింది. స్టాకు వివరాలు, బిల్లులు, ఒక్కటీ పోలేదు.

జగన్నాథరావు గారు పరుగున వచ్చారు. "ఎవరు కెలికారయ్యా దీన్ని?"

శౌరయ్య గారు గుప్పిట తెరిచారు. అందులో ఒక సెల్లు. "ఇదిగోండి దొంగ! ఇది వీకైతే మిషను సెట్టింగులు మర్చిపోద్ది."

"దీని దుంపతెగ!" అని దాన్ని నోరారా తిట్టి, జగన్నాథరావు గారు చల్లబడ్డారు. సౌజన్య బిల్లులు మొదలుపెట్టింది.

నేను శౌరయ్య గారిని గుమ్మం దాకా సాగనంపుతూ అడిగాను. "మీరు డబ్బానే విప్పలేదు కదండీ. ఆ సెల్లెక్కడిది?"

"ఇదా? ఎప్పుడూ నా జేబులోనే ఉంటదండీ."

"మరి దీన్నెందుకు తిట్టించారు?"

"ఎవర్నో ఒకర్ని తిట్టందే ఓనర్లకి తెరిపి రాదు కదండీ. దీనికైతే ఉద్యోగం పోయే భయం లేదు!"

ఈమధ్య ఆయన మళ్ళీ మా షాపుకొచ్చి, "సౌజన్య ఏదండీ?" అన్నారు.

"రెడ్డిగూడెం బ్రాంచిలో మిషను ఆగిపోయింది. ఇప్పుడు మా మిషన్లన్నీ తనే చూస్తోంది కదా, బాగుచేస్తుందని ఓనరు గారే పంపారు."

"అయితే నా బేరం పోయినట్టే!" అని శౌరయ్య గారు పెద్దగా నవ్వి, షాపులో అందరికీ టీ తెప్పించారు.