నేను ఊడగొట్టిన పటేల్‌గిరి

మెచ్చుకుని మరీ మనిషిని ముంచడం ఎలాగో నన్నడగండి. ఒక్క పూట నోరు తెరిచినందుకు ఒకాయనకు రావలసిన పటేల్‌గిరీ పోయింది, నా అరుగు మీది సందడీ పోయింది.

లింగంపేట పక్కన మా ఊరు. నిజాం రోజులు. మా ఆయన పోయి రెండేళ్లయింది. ఇంట్లో ఒక్కదాన్నే బీడీలు చుట్టుకుంటూ ఆకులు కోసే కత్తెరతో మాట్లాడేదాన్ని. నయం, అదైనా టకటకమని జవాబిచ్చేది.

అప్పుడే సర్కారు తరఫున ఊరి మంచీ చెడూ చూసే మా ముసలి పోలీసు పటేలు కొడుకులు లేకుండా పోయాడు. ఆ పని తనకివ్వాలని ఆయన అన్న కొడుకు రాజిరెడ్డి అర్జీ పెట్టుకున్నాడు. ఊళ్లో డప్పు కొట్టి చాటారు:

"ఎల్లారెడ్డి తాలూకా నుంచి తహసీల్దారు సాబ్ వస్తుండు! రాజిరెడ్డి మంచోడో కాదో చెప్పేటోళ్లు చావడికి రావాలె!"

ముందటేడు రాజిరెడ్డి ఎడ్లు నా మక్కచేను మేసిపోయాయి. అడగబోతే "పోవే ఎల్లీ" అని కసిరాడు. డప్పు మోగిన మర్నాడు అదే రాజిరెడ్డి వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

"ఎల్లక్కా, పానం మంచిగున్నదా?"

అక్కనట! నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

రోజూ వచ్చాడు. బెల్లం తెచ్చాడు. ఇంటి మీద కొత్త గడ్డి కప్పించాడు. అవన్నీ అటుంచండి, కూర్చుని విన్నాడు! మా ఆయన జ్వరం సంగతి మూడుసార్లు చెప్పినా, మూడుసార్లూ "అయ్యో, గట్లనా అక్కా!" అన్నాడు. ఎందుకొస్తున్నాడో తెలియనంత పిచ్చిదాన్నేం కాదు. తెలిసినా, పొద్దు వాలగానే అరుగు ఊడ్చి ఎదురు చూసేదాన్ని.

ఇలాంటి మనిషిని పటేలును చేసి తీరాలనుకున్నాను. తహసీల్దారు వచ్చే రోజు చావడికి అందరికంటే ముందే వెళ్లి కూర్చున్నాను.

తహసీల్దారు నన్నే అడిగాడు. "నువ్వు చెప్పు. ఎట్లాంటోడు?"

"బంగారం సాబ్!"

"నీకెట్ల తెలుసు?"

"రోజు మా ఇంటికొస్తడు. బెల్లం తెస్తడు. ఇంటిమీద గడ్డి కప్పిచ్చిండు."

రాజిరెడ్డి దగ్గాడు. పాపం, జలుబనుకున్నాను.

"ఎప్పటి సంది వస్తుండు?"

"డప్పు కొట్టిన తెల్లారి సంది!"

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఆయన ఎడ్లొచ్చినయి సాబ్. ఆయన రాలే."

చావడి గొల్లుమంది. తహసీల్దారు మాత్రం నవ్వలేదు. "గవాయి సాక్ష్యం చెప్పేటోళ్లకు బెల్లం తినిపిచ్చేటోనికి పటేల్‌గిరా?" అని అర్జీ పక్కన పడేశాడు.

"బెల్లం మంచిదే ఉండె సాబ్!" అన్నాను. అదీ రాజిరెడ్డికి నేను చేసిన ఆఖరి సాయం.

మర్నాడు కూడా అరుగు ఊడ్చాను. వచ్చాడు! నా ముఖం చాటంత అయింది. కూర్చోలేదు.

"నిచ్చెన మాది," అన్నాడు. గడ్డి కప్పేటప్పుడు తెచ్చిన నిచ్చెన. భుజాన వేసుకుని పోతుంటే ఆపలేక అన్నాను.

"రాజన్నా, మా ఆయన జ్వరం..."

"ఇన్న. మూడుసార్లు ఇన్న."

ఆ పూటే బీడీల చాట మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. ఇకమీదట నా అరుగు మీద ఎవరు కూర్చున్నా, ఆ సంగతి చచ్చినా సర్కారుకు చెప్పను. ఈనాటికీ ఆ ఒట్టు తప్పలేదు. తప్పాలన్నా, ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలి కదా.