జిలేబీకి సరిపడే ఎలుక

పద్మనాభం కొలవనిదే దేన్నీ నమ్మడు. అమెరికాలోని ట్రాయ్‌లో ఒక కారు విడిభాగాల కంపెనీలో పద్నాలుగేళ్లుగా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అందరూ జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ పెట్టుకుంటాడు. పెళ్లి రిసెప్షన్‌కి సూటు వేసుకున్నా లోపలి జేబులోంచి దాని ముక్కు తొంగిచూస్తూనే ఉంటుంది.

రాజేశ్వరమ్మ తెనాలి నుంచి కూతురు జ్ఞానప్రసూన ఇంటికి వచ్చిన మూడో రోజున, పక్కింటి ఈ మనిషి టిఫినుకు వచ్చి ఆవిడ ఇడ్లీని కొలిచాడు.

"మధ్యలో ముప్పైనాలుగు మిల్లీమీటర్లు, అంచున పదహారు పిన్నిగారూ."

"తినడానికి బాగుందా లేదా నాయనా?"

"అది కొలిచే పరికరం లేదండీ," అని ఆరు తిన్నాడు.

ముప్పైరెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన రాజేశ్వరమ్మకు ఈయన నచ్చాడు. నచ్చనివాళ్లూ ఉన్నారు. లక్ష్మీపతి గృహప్రవేశంలో, గడప ఒక కొస కంటే రెండో కొస మూడు మిల్లీమీటర్లు మందమని పురోహితుడి ముందే ప్రకటించాడు. "రెండూ ఒకటే అనొచ్చుగా, శుభమా అని ఇల్లు కొనుక్కుంటే," అని లక్ష్మీపతి బతిమాలితే, "మీ కోసం అంకె మార్చమంటారా?" అని నొచ్చుకున్నాడు. ఏడాదిపాటు ఆ ఇంటినుంచి పిలుపు లేదు.

రాజేశ్వరమ్మ మనవరాలు సాయి ప్రియకు మాత్రం ఆయన మాట వేదం. పదకొండేళ్ల ఆ పిల్ల కార్న్ స్నేక్ అనే విషంలేని పామును పెంచుతోంది. నారింజరంగులో చుట్టలు చుట్టుకుని పడుకుంటుందని దానికి జిలేబీ అని పేరు పెట్టింది. పాముకు పెట్టే ఎలుక లావు దాని నడుం లావును మించకూడదట. అందుకని నెలకోసారి పద్మనాభం వచ్చి జిలేబీ నడుం కొలుస్తాడు. పామంటే ఆయనకు చచ్చేంత భయం. పిల్ల పామును పట్టుకుంటే, చెయ్యి బారజాపి, ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో అంకె చూసి, నాలుగడుగులు వెనక్కి దూకి చెబుతాడు. తేలిగ్గా ఒప్పేసుకునే రకం కాదు కాబట్టి మళ్లీ వచ్చి రెండోసారి కొలుస్తాడు.

2011 వేసవిలో సాయి ప్రియ నాలుగు రోజుల క్యాంప్‌కి వెళ్తూ బాధ్యత అమ్మమ్మకు అప్పగించింది.

"అంకుల్ ఇరవై మిల్లీమీటర్స్ అన్నాడు. పెట్ స్టోర్‌లో హాపర్ సైజ్ అని అడుగు. ఫ్రోజెన్ ఉంటుంది. వేడినీళ్లలో పెట్టి, టాంగ్స్‌తో ఇవ్వు. ఓకే?"

జ్ఞానప్రసూన షాపు దాకా డ్రైవ్ చేసింది గాని, చచ్చిన ఎలుకలు చూడలేనని కారు దిగలేదు. రాజేశ్వరమ్మ ఒక్కతే ఫ్రీజర్ ముందు నిలబడింది. హాపర్ అంటే బొటనవేలంత పిల్ల ఎలుక. పక్కనే పెద్దవి, బొద్దుగా, రెండేసి ఉన్న ప్యాకెట్లు. ఆవిడ జన్మలో ఎవరికీ ఒక్కసారి వడ్డించి ఊరుకోలేదు. వారానికొకసారి తినే ప్రాణానికి ఇంతేనా అనిపించింది. పెద్ద ప్యాకెట్టే తీసుకుంది.

జిలేబీ నానా అవస్థా పడి మింగింది. "కడుపునిండా తిందమ్మా," అని రాజేశ్వరమ్మ ఫోన్లో చెప్పింది కూడా. పిల్ల తిరిగొచ్చిన రోజే అది మింగినదంతా కక్కేసింది.

"అమ్మమ్మా, వాట్ సైజ్ పెట్టావు?"

"నువ్వు చెప్పిందేనే."

ముప్పైరెండేళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న టీచరమ్మ నోట ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

"ఇలా కక్కితే స్నేక్స్ చచ్చిపోతాయి, తెలుసా?" అని పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రెండు రోజులు అమ్మమ్మ కలిపిన అన్నం ముట్టలేదు, అమ్మమ్మతో మాట్లాడలేదు. రాజేశ్వరమ్మ తిరుగు ప్రయాణానికి పదిహేను రోజులే ఉంది. ఈ పిల్లను ఇలా వదిలి విమానం ఎలా ఎక్కాలో ఆవిడకు తోచలేదు.

సంగతి తెలిసి పద్మనాభం వచ్చాడు. "ప్యాకెట్లో రెండోది ఉందా? తెండి, కొలుద్దాం."

గరాజ్‌లో ఎలుకల కోసం విడిగా పెట్టిన చిన్న ఫ్రిజ్‌లోంచి దాన్ని తెస్తుంటే రాజేశ్వరమ్మ చేతులు ఎలుక కంటే చల్లబడ్డాయి. ఆయన కాలిపర్ బిగించాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. ఇరవై ఎనిమిది.

పద్మనాభం ఆవిడ మొహం చూశాడు. పిల్ల మొహం చూశాడు. నుదుట చెమట పట్టింది. కాలిపర్ మీద అంకె మళ్లీ చూశాడు.

"ఇరవై," అన్నాడు చివరికి. "సైజ్ కరెక్టే. బాక్స్ కింద వెచ్చగా ఉంచే హీట్ మ్యాట్ సరిగా పనిచెయ్యక అరగలేదు. అమ్మమ్మ తప్పేం లేదు. పది రోజులు ఏమీ పెట్టకు. తర్వాత చిన్నది, పన్నెండు మిల్లీమీటర్లది నేనే తెస్తా." ఆ గడ్డకట్టిన ఎలుకను ల్యాబ్‌లో చెక్ చెయ్యాలంటూ, ఉల్లిపాయ కూడా తినని ఆ మనిషి తన లంచ్ బ్యాగ్‌లో పెట్టుకుని బయల్దేరాడు.

రాజేశ్వరమ్మ వాకిట్లో పట్టుకుంది. "ఇరవై ఎనిమిది నాయనా. నేనూ చూశాను."

"గుండె దడదడలాడుతోంది పిన్నిగారూ. నా సర్వీసులో ఇదే మొదలు. పిల్లకి మాత్రం చెప్పకండి, నా అంకెల మీద నమ్మకం పోతుంది."

ఆ సాయంత్రమే పిల్ల వచ్చి అమ్మమ్మ చేతిముద్ద తింది. పదకొండో రోజున జిలేబీ చిన్న ఎలుకను గుటుక్కున మింగింది, మూడు రోజులైనా కక్కలేదు. సూట్‌కేసు సర్దుతూ రాజేశ్వరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ప్రియా, ఆ ఎలుక ఇరవై కాదే."

"ఐ నో, అమ్మమ్మా."

"ఎవరు చెప్పారు?"

"చూశా కదా. ఇట్ వాజ్ హ్యూజ్."

"మరి ఊరుకున్నావేం?"

"అంకుల్ ఫేస్ చూడలేదా నువ్వు? ఇరవై అనేటప్పుడు, లైక్, ఏడ్చేసేలా ఉన్నాడు. నీ కోసం అంత కష్టపడ్డాడు. ఇంక నేను మ్యాడ్‌గా ఉంటే మీన్‌గా ఉంటుంది కదా."

అంతలో కాలింగ్ బెల్ మోగింది. పద్మనాభం. చేతిలో సొంత డబ్బుతో కొన్న కొత్త హీట్ మ్యాట్. ఆ అబద్ధానికి ఏ వైపునా సందు మిగలకూడదు మరి. పాము వైపు చూడకుండా దాన్ని బాక్స్ కిందికి తోసి, "ఇంక చూడండి తేడా," అన్నాడు.

"అంతా ఆ పాత మ్యాట్ వల్లే నాయనా," అంది రాజేశ్వరమ్మ.

"టోటల్లీ అంకుల్," అంది సాయి ప్రియ.

పద్మనాభం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తన అబద్ధం సరిగ్గా అతికిందని ఆయనకు ఇప్పటికీ గట్టి నమ్మకం. కొలవకుండా ఆయన నమ్మింది అదొక్కటే.